అలుకు నుంచి సిమెంటు దాకా: పల్నాటి వాకిలి మరమ్మతు చరిత్ర

నూజెండ్లలో ఇళ్ల ముందు మట్టి వాకిళ్లు ఉన్న కాలంలో వాకిలి మరమ్మతు విడిగా చెప్పుకునే పని కాదు. తెల్లవారుజామున ఊడ్చి, పేడనీళ్లతో కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టడంలోనే అదీ జరిగిపోయేది. బండి చక్రం దిగబడి గుంట పడితే ఎర్రమన్ను పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టేవారు. సంక్రాంతికి ముందు అరుగులూ నట్టిల్లూ పేడ కలిపిన మట్టితో అలికితే, వేసవిలో విచ్చిన నెర్రెలు పూడిపోయేవి. మిరపకాయలు ఆరబోసే కళ్లానికీ ఇదే పద్ధతి. ఏటా నీళ్లు చల్లి, తొక్కి, అలికి గట్టిపరిచేవారు.

ఈ పనికి కూలి లేదు, కొలత లేదు. చేసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు. అందుకే కాబోలు, కారంపూడి యుద్ధం గురించి, కొండవీటి కోట గురించి రాసినంతగా వాకిలి అలికిన చేతుల గురించి రాసినవాళ్లు లేరు.

ఇప్పుడు సిమెంటు వాకిలి పగిలితే మేస్త్రీకి కబురు వెళుతుంది. నాలుగు తట్టల మాలు పనికి మేస్త్రీ దొరకడం కష్టం కాబట్టి, ఆ పగులు మరో వానాకాలం అలాగే ఉండిపోతుంది. చదువులకూ ఉద్యోగాలకూ అమెరికా, కెనడా వెళ్లి, మంచు కురిసే ఊళ్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో మాత్రం చాలామంది కారు నిలిపే కాంక్రీటు వాకిలిని సెలవు రోజున తామే బాగుచేసుకుంటున్నారు. ఇంటివాళ్ల చేతుల్లోని పని మేస్త్రీ చేతికి ఎలా వెళ్లింది, సముద్రం దాటాక తిరిగి ఇంటివాళ్ల చేతికే ఎలా వచ్చింది? ఈ కథను పల్నాటి రాతి దగ్గరే మొదలుపెట్టాలి.

రెండు వేల ఏళ్ల రాయి

నూజెండ్ల పాత వినుకొండ తాలూకాలోది. పల్నాడు తాలూకా అప్పట్లో వేరు. రెండూ 1904 దాకా కృష్ణా జిల్లాలో, ఆ తర్వాత గుంటూరు జిల్లాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడ్డాక ఒకే పేరు కిందికి వచ్చాయి. పేరు కలిసినా నేల తీరు కలవలేదు. వినుకొండ వైపు గ్రానైటు కొండలు. మాచర్ల, గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల వైపు పొరలు పొరలుగా సున్నపురాయి. కడప, కర్నూలు శిలలపై విలియం కింగ్ రాసిన పెద్ద గ్రంథాన్ని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1872లోనే ప్రచురించింది. కడప జిల్లాలోని నార్జి అనే ఊరి పేరుతో పిలిచే సున్నపురాయి పల్నాడు దాకా సాగింది.

మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు కృష్ణ ఒడ్డున విజయపురిని (నేటి నాగార్జునకొండ) రాజధాని చేసుకున్నప్పుడు స్తూపాల శిల్పాలను చెక్కింది ఈ రాతి మీదే. ఆకుపచ్చ ఛాయ ఉన్న ఆ రాతిని చరిత్రకారులు పల్నాడు పాలరాయి అన్నారు. నాగార్జునసాగర్ నీటిలో మునిగిపోయే ముందు, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో నాగార్జునకొండలో జరిగిన తవ్వకాల్లో విహారాలు, స్నానఘట్టం, మెట్ల వరుసల క్రీడాస్థలం బయటపడ్డాయి. ఇంటి ముందు, గుడి ముందు, నది ఒడ్డున కాలు మోపే చోటును రాతితో గట్టిపరచడం ఈ ప్రాంతానికి అంత పాత విద్య.

అదే రాతికి ఇంకో గతీ పట్టింది. సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో అమరావతి చూసేనాటికి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నాడు. అక్కడి స్తూపపు దిబ్బలోంచి తవ్వి తీసిన పలకల్లో కొన్ని కొత్త కట్టడాలకు పోయాయి, కొన్ని సున్నం కోసం బట్టీలో కాలిపోయాయి. ఒక కాలం శిల్పి పని మరో కాలం తాపీ పనికి ముడిసరుకైంది.

గానుగ సున్నం

సున్నపురాయిని బట్టీలో పేర్చి సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలు. దాన్ని నీళ్లలో వేస్తే కుతకుతలాడుతూ ఉడికి మెత్తబడుతుంది. గోడకు పూసినా నేలకు పరిచినా, గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకుని నెలల తరబడి నెమ్మదిగా రాయి అవుతుంది. రాయి దొరకని పల్లెల్లో నల్లరేగడిలో ఏరిన సున్నపు గులకలనో, చెరువు నత్తగుల్లలనో కాల్చి సున్నం చేసుకునేవారు.

కట్టుబడికి వాడే సున్నాన్ని గానుగలో ఆడించేవారు. గుండ్రంగా తవ్విన రాతి కాలువ, మధ్యలో పాతిన గుంజ, దానికి తగిలించిన రాతి చక్రం, దాన్ని లాగుతూ తిరిగే ఎడ్లో దున్నలో. సున్నం, ఇసుక వేసి నీళ్లు చల్లుతూ వెన్నలా అయ్యేదాకా తిప్పాలి. నీరు తగిలే చోటికైతే ఇటుకల పొడి కలిపేవారు. నేల గచ్చుకు కరక్కాయలు నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి, చెక్కతో రోజుల తరబడి కొట్టి, గులకరాయితో నున్నగా రుద్దేవారు. పాత కట్టడాలను బాగుచేసేటప్పుడు పురావస్తు శాఖ ఇప్పటికీ సున్నం, బెల్లం, కరక్కాయ తెప్పించుకుంటుంది. చార్మినార్ మరమ్మతులకు వాడిందీ సున్నమే.

సున్నం చేవ ఎంతో చూడాలంటే కృష్ణా ఆనకట్టను తలచుకోవాలి. సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో కెప్టెన్ ఓర్ 1852–55 మధ్య బెజవాడ దగ్గర దాన్ని కట్టించాడు. ఆ రోజుల్లో మన దేశంలో సిమెంటు ఫ్యాక్టరీ అన్నదే లేదు. రాతితోనూ సున్నంతోనూ కట్టిన ఆ కట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చేదాకా డెల్టాకు నీళ్లిచ్చింది. మధ్యలో దెబ్బ తగిలిన ప్రతిసారీ బాగుచేస్తూ వచ్చారు.

సున్నంతో ఉన్న సుగుణం అదే, మరమ్మతుకు లొంగుతుంది. సన్నని పగుల్లోకి వాననీరు దిగితే గచ్చులో మిగిలిన సున్నం కొద్దిగా కరుగుతుంది. అది గాలి తగిలి పగుల్లోనే తిరిగి గడ్డకడుతుంది. రోమన్ల పాత కాంక్రీటులోని సున్నపు ముక్కలు ఇలాగే పగుళ్లను పూడ్చాయని అమెరికాలోని ఎంఐటీలో అడ్మిర్ మాసిక్ బృందం 2023 జనవరిలో ఒక పరిశోధనలో చూపించింది. పల్నాటి తాపీ మేస్త్రీకి ఆ రసాయనం పేరు తెలియకపోయినా, కొత్త గచ్చు మీద తడి గోనెపట్టా పరచాలని తెలుసు. పండగకు వెల్ల వేయగా మిగిలిన సున్నంతో ఇంటివాళ్లే చిన్న పగుళ్లు పూడ్చుకోగలిగేవారు. అయితే గచ్చు నేల ఊళ్లో కలిగిన ఇళ్లకే ఉండేది. మిగతావాళ్లది మట్టి, పేడ.

ఈ రెండింటి నడుమ వచ్చింది నాపరాయి. మాచర్ల వైపు నాపరాళ్లు కొన్ని ఊళ్లకు బండ్ల మీద చేరేవి. వినుకొండకు రైలు దారి కూడా ఉంది. గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్లే ఆ లైను మీదే నాపరాళ్లకు పేరుపడిన బేతంచెర్ల స్టేషనూ ఉంది. రాయి కొట్టడంలో చేయి తిరిగిన వడ్డెరలు ఉలి, సుత్తితో పలకలు విడదీసేవారు. వాకిట్లో ఇసుక పరిచి, పలకలు పేర్చి, సందుల్లో సున్నం నింపితే చాలు. ఒక పలక కుంగితే గునపంతో లేపి, అడుగున ఇసుక పోసి, తిరిగి దించుతారు. పగిలితే ఆ ఒక్కటే మారుస్తారు. వాకిలి మొత్తం తవ్వే పని ఉండదు.

పర్మిట్టు రోజులు

ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో తొలి ప్రయత్నం మద్రాసులో, 1904లో జరిగింది. సముద్రపు గుల్లలతో సిమెంటు చేయబోయిన ఆ కంపెనీ నిలవలేదు. 1914లో పోర్‌బందర్‌లో ఉత్పత్తి నిలదొక్కుకుంది. 1936లో ఆంధ్ర సిమెంట్ కంపెనీ పుట్టడంతో విజయవాడ పేరు సిమెంటు బస్తా మీదికి ఎక్కింది.

సున్నపు బట్టీల నేల మీదికి సిమెంటు బట్టీ వచ్చింది 1958లో. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీతో పేరుపొందిన వెలగపూడి రామకృష్ణ నెలకొల్పిన కేసీపీ, మాచర్లలో సిమెంటు ఫ్యాక్టరీ మొదలుపెట్టింది. అప్పటికి పక్కనే నాగార్జునసాగర్ పని నడుస్తోంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యామును కాంక్రీటుతో కాక రాతి కట్టడంగా తలపెట్టారు. సిమెంటూ యంత్రాలూ కరువైన దేశంలో రాయి, మనుషుల చేతులు కరువు కాలేదు. పాలమూరు నుంచీ పల్నాడు నుంచీ వచ్చిన కూలీలు తలల మీద రాయి మోశారు. 124 మీటర్ల ఎత్తున లేచిన ఆ కట్ట నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

డ్యాములకే రేషన్‌గా అందిన సిమెంటు పల్లె వాకిలిదాకా రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ధర, పంపిణీ ప్రభుత్వం చేతిలో ఉండేవి. ఇల్లు కట్టుకునేవాడు ఆఫీసుల చుట్టూ తిరిగి పర్మిట్టు తెచ్చుకుని, వచ్చిన నాలుగు బస్తాలను స్లాబుకో గడపకో దాచుకునేవాడు. 1982లో నియంత్రణను కొంత సడలించారు, 1989 మార్చి 1న పూర్తిగా ఎత్తేశారు. ఆ తర్వాత దాచేపల్లి చుట్టుపక్కల ఫ్యాక్టరీల పొగగొట్టాలు పెరిగాయి, సిమెంటు బస్తా కిరాణా కొట్టు పక్కనే దొరకసాగింది. పిడుగురాళ్ల సున్నం వెల్లకు, పరిశ్రమలకు మిగిలింది. గానుగలు మూలపడ్డాయి.

సిమెంటుతోపాటు ఒక నమ్మకమూ వాకిట్లోకి వచ్చింది. ఒకసారి పోస్తే ఇక చూసుకోనక్కర్లేదన్న నమ్మకం. ఆడవాళ్లకు రోజూ అలికే చాకిరీ తప్పింది, అది చిన్న మేలేమీ కాదు. అయితే అలుకుతో పాటు నేలను రోజూ కంటితో చూసే అలవాటు కూడా పోయింది. మరమ్మతు తాపీ, రసమట్టం, బద్ద ఉన్న మేస్త్రీ పని అయింది. మేస్త్రీకి లాభం కొత్త పనిలో ఉంటుంది, అతుకులో ఉండదు.

ఎండకు పగిలే చోట

సిమెంటు ఆరడం వల్ల గట్టిపడదు. నీటితో కలిసి జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. ఆ నీరు ముందే ఆవిరైపోతే పైపొర బలం లేక పిండిలా రాలుతుంది, సన్నని చీలికలు సాలెగూడులా పరుచుకుంటాయి. రాష్ట్రంలో ఎండకు పేరుమోసిన రెంటచింతల ఈ జిల్లాలోనే ఉంది. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు దాటడం వింత కాదు. స్లాబు మీద మళ్లు కట్టి వారాల తరబడి నీళ్లు నిలబెట్టే మేస్త్రీలే, వాకిలి దగ్గరికి వచ్చేసరికి రెండు పూటలా బకెట్టు నీళ్లు చల్లి సరిపెట్టుకుంటారు.

రెండో కారణం అడుగున ఉంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విడుస్తుంది. దాని మీద నేరుగా పోసిన నాలుగంగుళాల కాంక్రీటు ఒక వానాకాలానికి పైకి లేచి, ఒక వేసవికి కుంగుతుంది. మట్టి వాకిలి ఆ కదలికకు అనుగుణంగా కదిలేది, నాపరాళ్లు సందుల్లో కదిలేవి. ఒకే పలకగా పోసిన కాంక్రీటు విరుగుతుంది. రేగడిని కొంత లోతు తవ్వేసి, గ్రావెల్ నింపి, దిమ్మిస కొట్టి పోస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

మూడోది జాయింటు. కాంక్రీటు గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి ఎక్కడో ఒకచోట పగలక తప్పదు. పగలాల్సిన చోటును ముందే గీసిపెట్టడమే జాయింటు. నాలుగంగుళాల మందానికి ఎనిమిది నుంచి పదడుగులకొకటి ఉండాలి. ఊళ్లలో సీసీ రోడ్లు విరివిగా పడుతున్న కాలం ఇది. ఉపాధి హామీ నిధులతో 2024 అక్టోబరు 14న మొదలైన పల్లె పండుగ కార్యక్రమం వాటికి ఊపునిచ్చింది. రోడ్డు ఎత్తు పెరిగిన ప్రతిచోటా గుమ్మానికీ రోడ్డుకూ మధ్య ఇంటివాళ్లు సొంత ఖర్చుతో ర్యాంపు పోసుకుంటున్నారు. పాత కాంక్రీటుకు కొత్తది జాయింటు లేకుండా అతికించే ఆ చోటే తరచూ ముందు విరుగుతుంది.

మంచుకు పగిలే చోట

వీధికి కాంక్రీటు పరచడంలో అమెరికాలో పాత పేరు ఒహాయో రాష్ట్రంలోని బెల్‌ఫౌంటెన్ పట్టణానిది. 1891లో జార్జ్ బార్తొలొమ్యూ అక్కడ తొలి కాంక్రీటు వీధి ముక్కను పోశాడు. కొత్త సరుకు మీద నమ్మకం లేని పట్టణ పాలకులు అయిదేళ్ల హామీగా అతని చేత 5,000 డాలర్ల బాండు రాయించుకున్నారు. అతను కట్టిన కోర్టు అవెన్యూ నూరేళ్లు దాటి నిలిచింది.

అన్ని వీధులకూ ఆ అదృష్టం పట్టలేదు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. కాంక్రీటు సందుల్లోని నీరు రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతూ ఒక చలికాలంలోనే ఎన్నోసార్లు లోపలి నుంచి తోస్తుంది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు కారు చక్రాలతో వాకిట్లోకి వచ్చి ఆ బాధను పెంచుతుంది. పైపొర పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. అడుగున తడిసిన మట్టి గడ్డకట్టి ఉబ్బితే పలక మొత్తం పైకి లేస్తుంది. పల్నాటి రేగడి వానకు చేసే పనే అక్కడి నేల మంచుకు చేస్తుంది.

దీనికి మందు కొంత అనుకోకుండా దొరికింది. 1930లలో న్యూయార్క్ రాష్ట్రంలో కొన్ని కాంక్రీటు రోడ్లు మిగతావాటికంటే చలిని బాగా తట్టుకున్నాయి. ఆ సిమెంటును పొడి చేసేటప్పుడు పశువుల కొవ్వు వంటివి కలిపారనీ, వాటివల్ల కాంక్రీటులో అతి చిన్న గాలి బుడగలు ఏర్పడ్డాయనీ తేలింది. గడ్డకట్టే నీటి ఒత్తిడికి ఆ బుడగలు చోటిస్తాయి. పరిశోధకుడు టి.సి. పవర్స్ 1945లో ఆ ఒత్తిడి సంగతిని సిద్ధాంతంగా వివరించాడు. అప్పటి నుంచి చలి ప్రాంతాల కాంక్రీటులో సుమారు 6 శాతం గాలి కావాలనే కలుపుతున్నారు.

మరమ్మతు ఇంటివాళ్ల చేతికి రావడానికి బస్తా కారణం. ఇసుక, కంకర, సిమెంటు ముందే కలిపి, నీళ్లు పోస్తే చాలనిపించే సాక్రీట్ బస్తా 1936లో ఒహాయోలోనే, సిన్సినాటిలో పుట్టింది. 1978లో అట్లాంటాలో మొదలైన హోమ్ డిపో వంటి పెద్ద కొట్లు దాన్ని తాపీలతో సహా సామాన్యుడి ముందు పెట్టాయి. పనివాళ్ల కూలి సరుకు ధరను మించిపోయే దేశంలో చిన్న అతుకును ఇంటివాళ్లే వేసుకోవడం అలవాటైంది. 1977లో న్యూయార్క్‌లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) తొలి మహాసభ జరిగేనాటికి అక్కడున్న తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లకూ, 1990 వలస చట్టం తెచ్చిన హెచ్-1బి వీసాలతో వెళ్లిన తరాలకూ ఈ అలవాటు అబ్బింది. ఇండియాలో తాపీ పట్టుకోని చేతులు మిషిగన్‌లోనో మిన్నెసోటాలోనో పట్టుకున్నాయి.

అక్కడి పద్ధతి పాత గచ్చు మేస్త్రీకి కొత్తగా అనిపించదు. వదులైన పెచ్చులన్నీ ఉలి, సుత్తితో గట్టి కాంక్రీటు తగిలేదాకా కొట్టేయాలి. గుంట అంచులు పలచగా జారకుండా నిలువుగా కోయాలి. దుమ్ము ఊదేసి, పాత కాంక్రీటును తడిపి, పైన నీరు నిలవకుండా తుడిచాక పాలిమర్ కలిసిన మరమ్మతు మాలు నొక్కి నింపాలి. కాలు జారకుండా చీపురుతో గీతలు పెట్టి, ప్లాస్టిక్ కాగితం కప్పి తడి ఆరకుండా చూడాలి. పొడుగాటి పగులు వేసవికీ చలికీ కదులుతుంటుంది కాబట్టి అందులో సిమెంటు నింపితే మళ్లీ విడిపోతుంది. నురగ తాడు దూర్చి, సాగే పాలీయురెథేన్ సీలెంట్ పోయడమే దారి. గాలి వేడి 4.4 డిగ్రీల కంటే కిందికి పడిపోయే రోజుల్లో కాంక్రీటు పనికి ప్రత్యేక జాగ్రత్తలు కావాలని అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ చెబుతుంది. అందుకే ఉత్తరాది రాష్ట్రాల్లో ఈ పనులను ఎక్కువగా మే, సెప్టెంబరు నెలల మధ్య పూర్తి చేస్తారు. అమ్మోనియం ఎరువుల మాట కూడా చెప్పుకోవాలి. మంచు కరగడానికి అమ్మోనియం నైట్రేటు, అమ్మోనియం సల్ఫేటు వాడితే అవి కాంక్రీటునే తినేస్తాయి. కాలు జారకుండా ఇసుక చల్లుకోవడం మేలు.

ఎండ ఊరైనా మంచు ఊరైనా వాకిలిని పాడుచేసేది నీరే. పల్నాటిలో అది ముందే పారిపోతుంది, మిషిగన్‌లో లోపల చిక్కుకుంటుంది. ఆ నీటిని గమనించే పని ఇంటివాళ్లు వదిలేసిన చోట సిమెంటు మట్టికంటే ముందే చెడుతోంది.

నూజెండ్లలోనో మరో పల్లెలోనో వాకిలి పోయించుకునేవారు మేస్త్రీని మూడు విషయాలు ముందే అడగాలి: రేగడి తీసి గ్రావెల్ ఎంత లోతు నింపుతారు, వాలు ఎటు పెడతారు, జాయింట్లు ఎక్కడ గీస్తారు. నాలుగోది ఇంటివాళ్లే చూసుకోవాలి. వేడి, పొడి వాతావరణంలో కాంక్రీటును కనీసం 10 రోజులు, పీపీసీ వంటి మిశ్రమ సిమెంటు వాడితే 14 రోజులు తడిగా ఉంచాలని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. బస్తా మీద పీపీసీ అని ఉంటే 14 రోజులూ గోనెపట్టాలు పరిచి తడుపుతూ ఉండండి. పంచాయతీ వేసే సీసీ రోడ్డుకూ అన్నే రోజులు నీళ్లు పెట్టమని పట్టుబట్టండి.